అవిభక్త హృదయం – క్రైస్తవ జీవితంలో సంపూర్ణ దైవార్పణ

యెరూషలేము దేవాలయ ఆవరణలో యూద ధర్మశాస్త్ర పండితుడొకడు హజ్రత్ ఈసా (అలైహిస్సలామ్) వద్దకు వచ్చి, ఆజ్ఞలన్నిటిలో ప్రధానమైనది ఏదని అడిగినట్లు మార్కు సువార్త పన్నెండవ అధ్యాయం తెలుపుతున్నది. ఆయన కొత్త ఆజ్ఞ ఏదీ చెప్పలేదు. హజ్రత్ మూసా (అ) ద్వారా ఇస్రాయీలు సంతతికి అందిన బోధనే గుర్తు చేశారు. దేవుడు ఒక్కడేనన్న మాటతో అది మొదలవుతుంది. ఆ ఒక్కడిని మనిషి తన హృదయంలో, ప్రాణంలో, బుద్ధిలో, శక్తిలో ఏ భాగాన్నీ మిగుల్చుకోకుండా ప్రేమించాలని అది విధిస్తుంది. దాని పక్కనే, పొరుగువానిని కూడా తనతో సమానంగా ప్రేమించాలన్న మరొక ఆజ్ఞను నిలిపి, వీటిని మించినది లేదని ఆయన ముగించారు. అడిగినవాడు ఒప్పుకున్నాడు. హోమాలకన్నా, బలులకన్నా ఇదే గొప్పదని తానూ అన్నాడు. సువార్తలలో పండితులకూ ఈసా (అ)కూ జరిగిన సంభాషణలు చాలావరకు వాదోపవాదాలే. ఇది మాత్రం ఇద్దరూ ఏకీభవించిన సందర్భం.

క్రైస్తవుని ధార్మిక జీవితానికి మూలం ఈ ఆజ్ఞయే. త్రిత్వం గురించి, ఈసా (అ) స్థానం గురించి ముస్లిములకూ క్రైస్తవులకూ గల భేదం తెలిసినదే. క్రైస్తవుడు తన దైవప్రేమను క్రీస్తు నుండి విడదీసి ఊహించలేడన్నది కూడా మరువరానిది. ఆ చర్చ ఇక్కడి విషయం కాదు. ఈ ఆజ్ఞను నిజంగా పాటించాలనుకున్న క్రైస్తవులు దానిని ఎట్లా అర్థం చేసుకున్నారు, ఎక్కడ తడబడ్డారు, తమ తడబాటును తామే ఏ విధంగా గుర్తించారు అన్నదే ఇక్కడ పరిశీలించవలసినది.

తెలుగు బైబిలులో ఈ ఆజ్ఞను చదివితే 'పూర్ణ' అనే మాట వరుసగా నాలుగుసార్లు వస్తుంది. తౌరాతు భాగమైన ద్వితీయోపదేశకాండంలో ఉన్నవి మూడే: హృదయం, ప్రాణం, బలం. వివేకం అన్నది సువార్తలో చేరినది. హీబ్రూ భాషలో హృదయమంటే కోరికకే కాక ఆలోచనకూ, నిర్ణయానికీ కూడా స్థానం. గ్రీకు చదువరికి ఆ మాటతో ఇంత అర్థం స్ఫురించదు కనుక బుద్ధిని విడిగా చెప్పవలసి వచ్చిందని భావించవచ్చు. ముస్లిం పాఠకునికి ఈ వివరణ అంతగా అక్కరలేదు. గ్రహించేదీ, గ్రహించ నిరాకరించేదీ 'ఖల్బ్' అని దివ్య ఖుర్ఆన్ పరిభాషలో అతనికి చిరకాలంగా పరిచయమే. యూద పండితులు మిష్నా అనే తమ ధర్మసంహితలో ఈ మూడు మాటలకు చెప్పిన భాష్యం కూడా గమనించదగినది. వారి దృష్టిలో బలమంటే ఆస్తి. ప్రాణమంతటితో అంటే ఆ ప్రాణాన్నే దేవుడు తీసుకున్నా వెనుదీయకపోవడం. హృదయమంతటితో అంటే మనిషిలోని మంచి ప్రేరణతోనూ, చెడు ప్రేరణతోనూ కూడా. చెడు ప్రేరణతో దేవుణ్ణి ప్రేమించడమేమిటన్న సందేహం కలుగుతుంది. మనిషిలోని ఆశ, కోపం, పంతం నశించి పోనవసరం లేదు, అవి కూడా ఆయన వైపుకే మళ్ళాలని దాని తాత్పర్యం.

కనుక పూర్ణ హృదయానికి ఎదురుమాట శూన్య హృదయం కాదు, చీలిన హృదయం. బైబిలు కొత్త నిబంధనలో ఈ భావం పదే పదే కనిపిస్తుంది. యాకోబు రాసిన పత్రిక, దేవుణ్ణి అడుగుతూనే అనుమానించేవాణ్ణి వర్ణించడానికి 'రెండు ప్రాణాలవాడు' అనే అర్థమిచ్చే గ్రీకు పదాన్ని వాడింది. ఒక దాసుడు ఇద్దరు యజమానులను సేవించలేడని, దేవుడూ ధనమూ అట్టి ఇద్దరు యజమానులని మత్తయి సువార్తలోని బోధ. పౌలు మరొక అడుగు ముందుకు వేశాడు. కొరింథు నగరంలోని సంఘానికి రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో, వివాహితుని మనస్సు భార్యను సంతోషపెట్టే చింతకూ ప్రభువు పనుల చింతకూ మధ్య పంచబడుతుందని, అవివాహితునికి ఆ బాధ లేదని చెప్పాడు. క్రైస్తవ సన్యాసానికి తర్వాతి కాలంలో దొరికిన ప్రధానాధారాలలో ఇది ఒకటి. అయితే అదే అధ్యాయంలో, కన్యాత్వం గురించి తనకు ప్రభువు ఆజ్ఞ ఏదీ అందలేదని, ఇది తన అభిప్రాయం మాత్రమేనని పౌలు స్పష్టం చేశాడు. ఆ అధ్యాయాన్ని ఆధారంగా చూపేవారూ, విమర్శించేవారూ కూడా ఈ మాటను తరచుగా దాటిపోతుంటారు.

క్రైస్తవ భక్తి అనగానే ముస్లిముల మనస్సులో మెదిలేది సన్యాసం. అల్ హదీద్ సూరాలోని 27వ ఆయతు అందుకు కారణం. రహ్బానియత్‌ను వారే కల్పించుకున్నారని, అల్లాహ్ దానిని వారిపై విధించలేదని, దానిని కూడా వారు పాటించవలసిన రీతిలో పాటించలేదని, వారిలో విశ్వసించినవారికి తగిన ప్రతిఫలం ఇవ్వబడిందని దాని భావం. మధ్యలో వచ్చే 'అల్లాహ్ ప్రసన్నత కోసం తప్ప' అన్న భావాన్ని దేనితో అన్వయించాలనే విషయంలో ముఫస్సిర్లు భిన్నాభిప్రాయులు. అల్లాహ్ ప్రసన్నతను కోరడం ఒక్కటే వారిపై విధించబడినదని కొందరు, ఆ ప్రసన్నతను కోరియే వారు సన్యాసాన్ని కల్పించుకున్నారని మరికొందరు అర్థం చెప్పారు. రెండవ అర్థాన్ని తీసుకుంటే, ఆ మార్గాన్ని తప్పుపట్టినా దాని వెనుక గల సంకల్పాన్ని ఖుర్ఆన్ గుర్తించిందని తేలుతుంది. అల్ మాయిదా సూరా 82వ ఆయతు అహంకారం లేని సన్యాసులను గురించి మెప్పుగా పలికితే, అత్తౌబా 34వ ఆయతు ప్రజల సొమ్ము కాజేసే సన్యాసులను గట్టిగా మందలించింది. అందరినీ ఒకే గాటన కట్టే పద్ధతి ఖుర్ఆన్‌ది కాదు. దైవాజ్ఞ కాదని పౌలు ఒప్పుకున్నదీ, విధించబడలేదని ఖుర్ఆన్ ప్రకటించినదీ ఒకే విషయం కావడం కూడా ఆలోచించదగినది. మరి ఆజ్ఞ లేకుండానే మనుషులు ఎడారికి ఎందుకు వెళ్ళారు?

దీనికి సమాధానం ఈజిప్టులో వెదకాలి. క్రీ.శ. 251 ప్రాంతంలో అక్కడి నైలు తీరపు గ్రామంలో, కలిగిన కోప్టు రైతు కుటుంబంలో ఆంథోనీ జన్మించాడు. ఆయన జీవితచరిత్రను అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్, ఆంథోనీ మరణించిన కొద్ది సంవత్సరాలకే గ్రీకు భాషలో రాశాడు. దాని ప్రకారం ఆయనకు పద్దెనిమిదో ఇరవయ్యో ఏళ్ళ వయస్సులో తల్లిదండ్రులు గతించారు. ఇంట్లో ఒక చెల్లెలు. వారసత్వంగా 300 అరూరాల సారవంతమైన పొలం, అంటే మన లెక్కలో సుమారు 200 ఎకరాలు. ఒకనాడు చర్చికి వెళ్ళేసరికి, పరిపూర్ణుడవు కావాలంటే ఉన్నదంతా అమ్మి పేదలకివ్వమని ఈసా (అ) ఒక ధనిక యువకునికి చెప్పిన ఘట్టం చదువుతున్నారు. ఆ యువకుడు విచారంతో వెళ్ళిపోయినట్లు సువార్త చెబుతుంది. ఆంథోనీ వెళ్ళిపోలేదు. ఆ మాట తన కోసమే చదవబడిందని భావించి, పొలాన్ని గ్రామస్థులకు పంచి, సామాను అమ్మి పేదలకిచ్చాడు. చెల్లెలి కోసం కొంత సొమ్ము మాత్రం ఉంచాడు. మరొకసారి చర్చిలో రేపటి గురించి చింతించవద్దన్న బోధ విని దానిని కూడా పంచివేశాడు. చెల్లెలిని నమ్మకస్థులైన కన్యల సంరక్షణలో ఉంచి తాను ఇల్లు విడిచాడు. చెల్లెలి ఇష్టాయిష్టాల ప్రసక్తి ఆ గ్రంథంలో లేదు. సర్వస్వాన్నీ విడిచిన మహనీయుల చరిత్రలలో, వారు విడిచినవారి చరిత్ర రెండు వాక్యాలలో ముగుస్తుంటుంది, ఇక్కడా అంతే.

మొదట ఊరి పొలిమేరలో, తర్వాత సమాధులలో, ఆపైన నైలు నది అవతల పాడుబడిన కోటలో ఇరవై ఏళ్ళు, చివరకు ఎర్ర సముద్రానికి చేరువలోని కొండలలో ఆంథోనీ జీవించాడు. 356లో, 105 ఏళ్ళ వయస్సులో మరణించాడని అథనాసియస్ లెక్క. ఆయన వెంట వేలాది మంది ఎడారి పట్టారు. కైరోకు వాయవ్యంగా ఉన్న వాదీ నత్రూన్‌లో నేటికీ కోప్టు సన్యాసులు నివసించే నాలుగు మఠాలు ఆనాటి ఉద్యమానికి కొనసాగింపే.

ఆ ఎడారిలో నేర్చుకున్నదేమిటన్నది అక్కడివారి సూక్తుల సంకలనాలలో భద్రంగా ఉన్నది. ఆంథోనీయే ఒకసారి మనస్సు నిలవక, ఆలోచనల తాకిడికి తాళలేక బయటికి వచ్చేసరికి, తనవంటివాడే ఒకడు కూర్చుని తాడు పేనుతూ, లేచి ప్రార్థిస్తూ, మళ్ళీ కూర్చుని తాడు పేనుతూ కనిపించాడట. ఇట్లా చేస్తే రక్షింపబడతావన్న బోధ ఆయనకు అందింది. అది దేవదూత అని ఆ కథనం. ఇందులో అద్భుతం కన్నా ఆ తాడే ముఖ్యం. పని మాని ప్రార్థించమని కాక, పనినీ ప్రార్థననూ ఒకే దారంగా పేనమని దాని భావం. ఈజిప్టు సన్యాసులు తాళ్ళు, బుట్టలు, చాపలు అల్లి అమ్ముకుని తిన్నారు, మిగిలినది దానం చేశారు. బిచ్చమెత్తి బ్రతకడాన్ని వారు మెచ్చలేదు.

రానురాను మరొక సంగతి కూడా బయటపడింది. నాలుగవ శతాబ్దం చివర జాన్ కాసియన్ అనే యువ సన్యాసి, జెర్మానస్ అనే మిత్రునితో కలసి ఈజిప్టు మఠాలన్నీ తిరిగి పెద్దల వద్ద విద్య నేర్చుకున్నాడు. తర్వాత దక్షిణ ఫ్రాన్సులో స్థిరపడి, 420 ప్రాంతంలో ఆ సంభాషణలను లాటిన్ భాషలో గ్రంథస్థం చేశాడు. మొదటి సంభాషణలో అబ్బా మోసెస్ అనే పెద్దను ఉపవాసాల గురించీ, జాగరణల గురించీ అడిగితే ఆయన రైతు ఉపమానం చెప్పాడు. రైతు దుక్కి దున్నేది దున్నడం కోసం కాదు, పంట కోసం. అట్లాగే ఉపవాసం, జాగరణ, పారాయణం, పేదరికం అన్నీ పనిముట్లే. కావలసిన పంట హృదయ శుద్ధి. పనిముట్లనే పంటగా భావించినవాని గతి ఏమవుతుందో కూడా ఆయన దాచలేదు. బంగారాన్ని, భూములను తృణప్రాయంగా వదిలి ఎడారికి వచ్చినవారిలో కొందరు, తీరా అక్కడ ఒక చిన్న చాకు కోసమో, సూది కోసమో, రాత కలం కోసమో మండిపడుతున్నారని, మరికొందరు తమ పుస్తకాన్ని ఇంకొకరు తాకడానికి కూడా ఒప్పుకోరని ఆయన బాధపడ్డాడు.

ఈ చాకు సంగతి క్రైస్తవ భక్తి చరిత్రలో చిన్న విషయం కాదు. రెండు వందల ఎకరాలు విడిచినవాడు ఒక సూదిని విడవలేకపోతే, విడిచినదేమిటి? ఆస్తి చేతినుండి జారింది; 'నాది' అన్న భావం మాత్రం ఒక చోటినుండి మరొక చోటికి మారింది, పైగా అంత పెద్ద ఆస్తి మీద పరచుకొని ఉన్నది ఇప్పుడు అరచేతి వస్తువులో ఇమిడి మరింత చిక్కబడింది. హృదయం పూర్ణమా, చీలినదా అన్నది ఎంత వదిలారన్న లెక్కతో తేలేది కాదని ఎడారి పెద్దలకు అనుభవం మీద అర్థమైంది. అందుకే కాసియన్ గ్రంథంలోని మరొక పెద్ద, మనస్సును ఒక్కచోట నిలపడానికి చిన్న ప్రార్థనా వాక్యాన్ని పనిలో, నడకలో, నిద్రకు ముందు, నిద్ర లేచాక నిరంతరం జపించమని బోధించాడు. జిక్ర్‌తో పరిచయం గల పాఠకునికి ఆ బోధలోని అంతరార్థం ఇట్టే తెలుస్తుంది.

ఇంతకన్నా సాహసమైన కథలు కూడా అదే ఎడారి చెప్పుకున్నది. ఆంథోనీకి సమానుడొకడు నగరంలో ఉన్నాడని ఆయనకు ఎడారిలోనే తెలియజేయబడిందట. అతడు వృత్తిరీత్యా వైద్యుడు. తన అవసరానికి మించినది పేదలకు ఇచ్చివేస్తాడు, ప్రతిదినం దైవదూతలతో గొంతు కలిపి దేవుణ్ణి స్తుతిస్తాడు. అంతకు మించి అతని గురించి ఏమీ లేదు, పేరు కూడా లేదు. పాఫ్నూటియస్ అనే మరొక పెద్ద, తాను ఎవరితో సమానుడనని దేవుణ్ణి ప్రార్థించి అడిగితే, పట్టణంలోని ఒక పిల్లనగ్రోవి వాయించేవాణ్ణి చూపడం జరిగింది. విచారించగా అతడు ఒకప్పటి దొంగ. అప్పుల కింద భర్తనూ పిల్లలనూ పోగొట్టుకుని ఎడారిలో తిరుగుతున్న ఒక స్త్రీకి, వారిని విడిపించుకోవడానికి చాలినంత సొమ్ము ఇచ్చినవాడు. ఆ తర్వాత మళ్ళీ అడిగితే ఒక గ్రామపెద్దనూ, మూడవసారి ఒక వర్తకుణ్ణీ పాఫ్నూటియస్‌కు చూపడం జరిగింది. ఈ కథలను చారిత్రక సత్యాలుగా తీసుకోనవసరం లేదు. కాని వీటిని కల్పించి, చెప్పుకొని, రాసి పెట్టుకున్నది ఎవరన్నది ముఖ్యం. సంసారులు తమను సమర్థించుకోవడానికి అల్లిన కథలు కావివి. సర్వస్వం వదిలిన సన్యాసులే, తాము వదలని ఒక గర్వాన్ని పట్టుకోవడానికి చెప్పుకున్నవి. పైగా ఈ కథలన్నిటిలో కొలమానం ఒక్కటే: పొరుగువాడు. యెరూషలేములో చెప్పబడిన రెండవ ఆజ్ఞ ఇక్కడ మొదటి ఆజ్ఞకు పరీక్షగా నిలిచింది.

ఐరోపాలో ఈ వివేకం అన్ని కాలాలలోనూ నిలవలేదు. మఠాలు భూస్వాములైనాయి, సన్యాసి భక్తి ఒక తరగతి, సంసారి భక్తి దానికి దిగువ తరగతి అన్న భావన స్థిరపడింది. 1505లో ఎర్ఫర్టులోని అగస్టీనియన్ మఠంలో చేరిన మార్టిన్ లూథర్, 1521లో సన్యాస వ్రతాలను ఖండిస్తూ గ్రంథం రాసి, 1525లో వివాహం చేసుకున్నాడు. దైవార్పణకు వేరే తరగతి లేదని, చెప్పులు కుట్టేవాడూ, పసిబిడ్డను కడిగే తండ్రీ విశ్వాసంతో చేసే పని దేవుని సేవయేనని ఆయన వాదం. 1842లో హేయర్ అనే అమెరికన్ మిషనరీ గుంటూరులో ప్రారంభించిన లూథరన్ సంఘం ఈ సంప్రదాయానిదే. అందువల్ల తెలుగునాట ముస్లిముల ఇరుగుపొరుగున ఉండే క్రైస్తవులలో చాలామందికి సన్యాసం తమ మతంలో భాగమన్న తలంపే ఉండదు.

మఠాలను వదలని కేథలిక్కులలో కూడా ఈ ప్రశ్న సద్దుమణగలేదు. లోరేన్ ప్రాంతపు బీద కుటుంబానికి చెందిన నికొలా హెర్మన్ యుద్ధంలో సైనికుడుగా గాయపడి, 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో సేవక సోదరునిగా చేరి లారెన్స్ అనే పేరు పొందాడు. పద్దెనిమిదేళ్ళ వయస్సులో, శీతకాలంలో ఆకురాలిన ఒక మోడును చూసి, కొద్ది రోజులలో అది మళ్ళీ చిగురించి పూస్తుందని తలచినప్పుడు కలిగిన దైవశక్తి స్ఫురణ ఆయన భక్తికి మూలం. మఠంలో ఆయనకు అప్పగించినది వంటిల్లు. ఆ పని ఆయనకు స్వభావరీత్యా ఇష్టం లేదు. అయినా దాదాపు పదిహేనేళ్ళు చేశాడు. తర్వాత చెప్పులు బాగుచేసే పనికి మార్చారు. ఒకసారి ద్రాక్షాసారాయి కొనుగోలుకు బర్గండీకి పంపారు. ముస్లిం పాఠకునికి ఆ సరుకు సహించరానిదైనా, కథ మాత్రం వినదగినది. వ్యాపారం తెలియని మనిషి, పైగా కుంటివాడు. పడవలో నడవలేక పీపాల మీద దొర్లుతూ వెళ్ళి పని ముగించుకు వచ్చాడు. అది కూడా దేవుని పనే అనుకున్నాను, సవ్యంగానే జరిగిందని తర్వాత చెప్పాడు.

వంటింటి రొదలో పదిమంది పది రకాలుగా పిలుస్తున్నప్పుడు తనకు కలిగే దైవసాన్నిధ్యానికీ, ప్రార్థనా మందిరంలో మోకరిల్లినప్పటి సాన్నిధ్యానికీ భేదం లేదన్నది లారెన్స్ అనుభవం. ఇది తేలికగా వచ్చిన స్థితి కాదు. తొలి పదేళ్ళు తనకు ఎంతో వేదనతో గడిచాయని ఆయనే ఒప్పుకున్నాడు. 1691లో ఆయన మరణించాక, జోసెఫ్ ద బోఫోర్ అనే మతాధికారి ఆయన లేఖలను, సంభాషణలను ప్రచురించాడు. కేథలిక్కులతో సమానంగా ప్రొటెస్టెంట్లు కూడా ఆ చిన్న పుస్తకాన్ని చదువుతూ వస్తున్నారు.

ముస్లిం పాఠకునికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది, అంతే ఇబ్బంది పెట్టేది కూడా, షార్ల్ ద ఫూకో జీవితం. 1858లో స్ట్రాస్‌బుర్గ్‌లో జన్మించిన ఈయన ఆరవ ఏట తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. యువకుడుగా విశ్వాసాన్ని వదిలి, ఫ్రెంచి సైన్యంలో అధికారియై విలాసాలలో మునిగాడు. 1883–84లో, యూరోపియన్లకు ప్రవేశం దుర్లభమైన మొరాకోను యూదుని వేషంలో సర్వే చేశాడు. అక్కడ చూసిన ముస్లిముల నమాజు, వారు నిత్యం దైవసన్నిధిలో జీవించే తీరు ఆయనను లోలోపల కుదిపివేశాయి. దైవాన్ని మరచిన మనిషికి, లౌకిక వ్యవహారాలకన్నా పెద్దదేదో ఉన్నదన్న స్పృహ ముస్లిములను చూసి కలిగిందని 1901లో ఒక మిత్రునికి రాసిన లేఖలో ఆయన చెప్పుకున్నాడు. 1886 అక్టోబరులో పారిస్‌లో ఉవెలాఁ అనే మతాచార్యుని ఎదుట పశ్చాత్తాపం ప్రకటించి తన క్రైస్తవానికి తిరిగివచ్చాడు. దేవుడున్నాడని నమ్మిన గడియలోనే, ఆయన కోసం తప్ప మరి దేనికోసమూ బ్రతకలేనని తెలిసిపోయిందన్నది ఆయన చెప్పుకున్న మరొక భావం. ఆజ్ఞలోని 'అంతటితో' అన్న మాటను ఆధునిక కాలంలో ఇంత సూటిగా తీసుకున్నవారు అరుదు.

1890లో కఠోర నియమాలు గల ట్రాపిస్టు మఠంలో చేరి, సిరియాలోని అక్బెస్‌లో కొన్నేళ్ళు గడిపాడు. అక్కడ ఒక పేద పనివాని ఇంటికి మృతుని కోసం ప్రార్థించడానికి వెళ్ళి, ఆ గుడిసెనూ తన మఠాన్నీ పోల్చుకుని, తమ పేదరికం నిజమైనది కాదని గ్రహించాడు. 1897లో మఠం వదిలి నజరేతులో సన్యాసినుల ఆశ్రమంలో పనివాడుగా చేరాడు. 1901లో మతాచార్య పట్టం పొంది, అల్జీరియాలోని బేని అబ్బెస్‌లో, 1905 నుండి సహారా నడిబొడ్డున తమన్రసెత్‌లో తువారెగ్ ముస్లిముల మధ్య స్థిరపడ్డాడు. బేని అబ్బెస్‌లో బానిసత్వాన్ని సహిస్తున్న తన సొంత ప్రభుత్వాన్ని లేఖలలో నిలదీశాడు, కొందరు బానిసలను సొమ్ము చెల్లించి విడిపించాడు.

అన్నీ ఇచ్చివేయడానికి వచ్చిన ఆ మనిషికి 1907–08 శీతకాలంలో ఇవ్వడానికి ఏమీ మిగలలేదు. వానలు లేక కరవు. ఉన్న ధాన్యం పంచివేశాడు. సాటి క్రైస్తవుడు ఒక్కడైనా దగ్గర లేనందున నియమం ప్రకారం తన ఆరాధన కూడా జరుపుకోలేక, ఆ క్రిస్మస్ అట్లాగే గడిచింది. జనవరిలో జబ్బుపడి కదలలేని స్థితికి వచ్చాడు. అప్పుడు చుట్టుపక్కల తువారెగ్‌లు, తమ పిల్లలకే పాలు చాలని ఆ కరవులో, ఎక్కడెక్కడి మేకల పాలో సేకరించి తెచ్చి ఆయన ప్రాణం నిలిపారు. అంతవరకు ఆయన వారికి దాత, అతిథేయి. పొరుగువాని చేతి నుండి పుచ్చుకోవలసిన అవసరం అప్పటివరకు రాలేదు. ఆయన జీవితకారులలో పలువురు దీనిని ఒక మలుపుగా భావించారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం వెచ్చించినది తువారెగ్ భాష మీద: వారి కవితలను వేలాది పంక్తులు సేకరించాడు, ఆయన కూర్చిన తువారెగ్–ఫ్రెంచి నిఘంటువు 1951–52లో నాలుగు సంపుటాలుగా వెలువడింది.

అయినా ఈ హృదయం పూర్తిగా అవిభక్తమని అనడానికి వీలులేదు. ఫ్రెంచి వలస పాలన తువారెగ్‌లకు మేలు చేస్తుందని ఫూకో నమ్మాడు. సైనికాధికారులతో స్నేహం, ఉత్తర ప్రత్యుత్తరాలు చివరివరకూ వదలలేదు. ముస్లిములు ఏనాటికైనా క్రైస్తవులు కావాలన్న ఆశనూ దాచలేదు. దేవునికోసం దేశాన్ని విడిచినవాడు దేశాభిమానాన్ని ఎడారిలోకి వెంట తెచ్చుకున్నాడు. అబ్బా మోసెస్ చెప్పిన చాకు ఇది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తమన్రసెత్‌లో గ్రామస్థుల రక్షణకని మందపాటి గోడల చిన్న కోట కట్టించి, అందులోకి మారాడు. అక్కడ ఆయుధాలు కూడా నిల్వ చేశారు. 1916 డిసెంబరు 1న, ఫ్రెంచివారితో పోరాడుతున్న సనూసీ పక్షపు దళం ఆయనను బయటికి రప్పించి బంధించింది. ఇద్దరు ఒంటె సైనికులు అటుగా రావడంతో కలవరపడిన కాపలా కుర్రవాడు ఆయనను కాల్చివేశాడు. అప్పటికి ఆయనకు శిష్యుడన్నవాడు ఒక్కడూ లేడు. కేథలిక్ సంఘం 2022 మే 15న ఆయనను పునీతునిగా ప్రకటించింది; దానిని ఆక్షేపించినవారు ఆయన వలస సంబంధాలనే ఎత్తిచూపారు. ఆ ఆక్షేపణ నిరాధారం కాదు.

ఆయన మరణవార్త తెలిసిన తర్వాత ఆ ప్రాంతపు తువారెగ్ నాయకుడు మూసా అగ్ అమస్తాన్, ఫ్రాన్సులోని ఆయన సోదరికి ఒక లేఖ పంపాడు. తన మిత్రుడైన ఆ 'మరాబూ' మరణం విని కళ్ళు చీకట్లు కమ్మాయని, ఎంతో ఏడ్చానని, ఆయన మీ కోసమే కాక మా అందరి కోసం కూడా మరణించాడని మూసా అందులో చెప్పాడు. అల్లాహ్ ఆయనను కరుణించాలని, తామిద్దరూ స్వర్గంలో కలుసుకోవాలని ప్రార్థిస్తూ లేఖను ముగించాడు.